తలకొక ఓమెరు

ధ్యానభాగములు: నిర్గమకాండము 16:13–21; 1 కొరింథీయులకు 11:20–34



ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి బయలుదేరి సీను అరణ్యమునకు వచ్చినప్పుడు తినుటకు ఏమియు లేదని మోషే అహరోనులమీద సణిగిరి. దేవుడు వారి సణుగు వినెను. విని ఆకాశమునుండి ఆహారము పంపెను. ఉదయమున మంచు ఇగిరిపోయిన తరువాత నేలమీద సన్నని పదార్థము కనబడెను. అదేమో తెలియక వారు ఒకరినొకరు అడుగుకొనిరి. దానికే మన్నా అను పేరు కలిగెను. ఈ కథ మన సండే స్కూలు పిల్లలందరికి తెలిసినదే.

అయితే ఈ కథలోని ఒక చిన్న సంగతిని మనము సాధారణముగా చదివి దాటిపోవుదుము. బలమున్నవాడు బలమున్నంత ఏరుకొనవచ్చునని దేవుడు చెప్పలేదు. ప్రతివాడును తన గుడారములో నున్నవారిని లెక్కించి, తలకొక ఓమెరు చొప్పున కూర్చవలెనని ఆజ్ఞాపించెను. ఇది చిన్న ఆజ్ఞ కాదు. గుడారములో తలలు లెక్కించువాడు ఎవరిని విడిచిపెట్టగలడు? పొలములో పనిచేయు కుమారుని తల ఒకటి. వంట చేయు కోడలి తల ఒకటి. మూలను కూర్చున్న ముసలితల్లి తల ఒకటి. నిన్న పుట్టిన బిడ్డ తల ఒకటి. లోకము వీరిని సమానముగా లెక్కింపకపోవచ్చును. మన్నా కురిపించినవాడు లెక్కించెను.

మరియొక సంగతి గమనించుడి. కొలిచి చూచినప్పుడు ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి కొదువ కాలేదు. ఒక్కొక్కనికి అతని భోజనమునకు తగినంత ఉండెను. లెక్కలో అందరును సమానులు. అవసరములో ఒక్కొక్కరు ఒక్కొక్క విధము. చంటిబిడ్డకు తగినది వృద్ధునికి తగదు. దుక్కి దున్నువానికి తగినంత అన్నము అరుగుమీద కూర్చుండువానికి తగదు. ఈ భేదమును తెలిసికొని, ఏ వయసువారికి ఏది తగునో అది పెట్టుట గుడారపు పెద్ద బాధ్యత. ఈ నెల మనము ఈ సంగతినే ధ్యానింతము.

దేహమును గూర్చి రెండు పొరపాట్లు

దేహమును గూర్చి విశ్వాసులలో రెండు పొరపాటు తలంపులు కలవు. కొందరు, "ఈ దేహము మట్టియే గదా, ఆత్మ రక్షింపబడిన చాలును" అందురు. మరికొందరు పెదవులతో అట్లు అనకపోయినను, ఫిలిప్పీయుల పత్రికలో పౌలు దుఃఖముతో వ్రాసినట్లు, కడుపునే దేవునిగా చేసికొని బ్రదుకుదురు. ఈ రెండు తలంపులును సువార్తకు దూరమైనవే. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని అపొస్తలుడు కొరింథువారికి బోధించెను. ఆలయమును పాడుపెట్టరాదు, ఆలయమునకు మ్రొక్కనురాదు.

మన ప్రభువు చేసిన పని చూడుడి. యాయీరు కుమార్తె పండ్రెండేండ్ల చిన్నది. ఆమె చనిపోయినదని ఇల్లంతయు ఏడ్చుచుండగా ప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేపెను. చూచినవారందరు విస్మయమొందిరి. ఆ విస్మయములో వారు మరచిన సంగతి ప్రభువు మరువలేదు. ఆ చిన్నదానికి తినుటకు ఏమైన పెట్టుడని చెప్పెను. మరణమును జయించిన నోటనుండి వచ్చిన తరువాతి మాట అన్నము మాట. చనిపోయిన బిడ్డను లేపుట ఆయన పని. లేచిన బిడ్డకు అన్నము పెట్టుట తలిదండ్రుల పని. మన పని ఆయన చేయలేదు.

ఇట్లు చెప్పుట వలన నేను సంఘమునకు క్రొత్త భోజన నియమములు పెట్టుచున్నానని ఎవరును తలంపవద్దు. భోజన పానముల విషయములో ఎవడును మీకు తీర్పు తీర్చనియ్యకుడని కొలొస్సయులకు వ్రాయబడినది. ఇది అపవిత్రము, అది పవిత్రము అనుట నా ఉద్దేశము కాదు. ఇది ప్రేమకు సంబంధించిన సంగతి.

పాలు త్రాగు బిడ్డ

"అడుగనిదే అమ్మయినను పెట్టదు" అని మన పెద్దల సామెత. అడుగుట కూడ ఎరుగని బిడ్డ సంగతి ఏమి? హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. ఎన్నో యేండ్లు కన్నీటితో ప్రార్థించి సమూయేలును కనెను. ఏటేట జరుగు బలికి ఆమె భర్త ఎల్కానా ఇంటివారితో షిలోహునకు బయలుదేరెను. హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు విడుచువరకు ఇంటనే యుందుననెను, భర్త సరేయనెను. మ్రొక్కుబడి గల స్త్రీ, దేవుని యెడల అంత భక్తి గల స్త్రీ, చంటిబిడ్డ పాలకొరకు యాత్ర మానుకొనెను. దేవుడు ఆమెను తప్పుపట్టలేదు.

నేటి వైద్యులు చెప్పునది హన్నా చేసిన దానికి దగ్గరగానే యున్నది. బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి చన్నిచ్చుట మంచిది. మొదట వచ్చు చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలను మన పల్లెలలో కొందరు చెడ్డపాలని పిండి పారబోయుదురు. అది పొరపాటు. రోగములను ఎదిరించు శక్తి బిడ్డకు ఆ పాలలోనే మెండుగా దొరకును. 6 నెలలు నిండువరకు తల్లిపాలే చాలును; నీళ్లు కూడ అక్కరలేదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుట, పంచదార నీళ్లు పోయుట, ఆముదము పట్టుట మానవలెను. తేనె మంచిదే, అయినను ఏడాది నిండని బిడ్డకు అది ప్రాణాపాయము తేగల క్రిములను చేరవేయవచ్చును.

6 నెలలు నిండిన తరువాత పాలు మాత్రమే చాలవు. అప్పుడు ఉగ్గు మొదలుపెట్టవలెను. మెత్తగా ఉడికించిన అన్నము పప్పు, కొంచెము నెయ్యి, చోడిపిండి జావ, నలిపిన అరటిపండు, ఉడికించిన గ్రుడ్డు కొంచెము కొంచెముగా అలవాటు చేయుడి. రెండేండ్లవరకును, ఆపైనను తల్లిపాలు కూడ ఇయ్యవచ్చును. బిడ్డ కడుపు చిన్నది గనుక కొంచెము చొప్పున పలుమారులు పెట్టవలెను. పలుచని గంజినీళ్లతో కడుపు నింపిన బిడ్డ ఏడుపు మానును గాని ఎదుగడు.

ఎదుగు పిల్లలు

కుమారుడు రొట్టె నడిగిన యెడల రాతినిచ్చు తండ్రి ఉండునా అని ప్రభువు అడిగెను. ఉండడనియే మన జవాబు. అయితే ఇప్పుడు మన వీధి దుకాణములలో వ్రేలాడు రంగురంగుల పొట్లములను చూడుడి. పిల్లవాడు ఏడ్చినప్పుడు అయిదు రూపాయలిచ్చి ఒక పొట్లము కొనియిచ్చుదుము. ఉప్పు, నూనె, పిండి తప్ప అందులో ఎదుగు ఎముకకు, రక్తమునకు కావలసినది మిక్కిలి తక్కువ. అది తిని పిల్లవాడు అన్నమువేళ ఆకలి లేదనును. ఉదయమున బడికి వెళ్లు బిడ్డకు టీ నీళ్లు, రెండు బిస్కట్లు ఇచ్చి పంపుటయు ఇట్టిదే. రాయి కాదు, నిజమే, రొట్టెయు కాదు.

అదే అయిదు రూపాయలకు గుప్పెడు వేయించిన వేరుశనగలు, చిన్న బెల్లపు ముక్క దొరకును. పెరటిలోని జామచెట్టు, బొప్పాయిచెట్టు, గోడప్రక్కనున్న మునగచెట్టు డబ్బు అడుగవు. మునగాకులోను, తోటకూరలోను, బొప్పాయిపండులోను కంటికి మేలుచేయు సారమున్నది. ఒకప్పుడు మన పల్లెలలో పేదపిల్లలు చీకటిపడగానే కన్ను కనబడక తడుముకొనువారు. రేచీకటి అను ఆ జబ్బు ఎ విటమిను లోపమువలన వచ్చునది. పెరటిలో మునగచెట్టుండగా బిడ్డకు ఆ లోపము కలుగుట ఎంత విచారకరము!

బడిలో పెట్టు భోజనమును గాని అంగన్‌వాడీలో ఇచ్చు ఆహారమును గాని చిన్నచూపు చూడకుడి. అంగన్‌వాడీ పథకము 1975లో మొదలైనది. ప్రాథమిక బడులలో వండిన అన్నమే పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చినది. "మా పిల్లలు అక్కడ తినరు" అని గొప్పగా చెప్పుకొను తలిదండ్రులున్నారు. ఆ గ్రుడ్డు, ఆ పప్పు బిడ్డ దేహములోనికి పోవలెను గాని పెద్దల గొప్పకు బలి కారాదు.

ఆడుబిడ్డలు, గర్భిణులు, బాలింతలు

ఇప్పుడు చెప్పబోవు మాట పురుషులు శ్రద్ధగా వినవలెను. మానోహ భార్యకు దేవదూత ప్రత్యక్షమై, నీవు గర్భవతివగుదువు, ద్రాక్షారసము త్రాగవద్దు, అపవిత్రమైనదేదియు తినవద్దు అని హెచ్చరించెను. ఆమె వెళ్లి పెనిమిటికి చెప్పగా, మానోహ "స్త్రీల సంగతి స్త్రీలే చూచుకొందురు" అని ఊరకుండలేదు. పుట్టబోవు బిడ్డకు ఏమి చేయవలెనో తెలుపుమని ప్రార్థించెను. దూత మరల వచ్చి, ఆమె భోజనమును గూర్చిన అదే మాటను ఈసారి భర్తకు చెప్పెను. బిడ్డ గర్భములో నున్నప్పుడే వాని ఆహారము మొదలగును. అది తల్లి ఆహారమే. దానిని గూర్చి భర్త కూడ దేవునికి జవాబుదారి.

మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? వండిన స్త్రీ అందరికి వడ్డించును. మొదట భర్తకు, తరువాత కుమారులకు, మామగారికి, పిల్లలకు. కూర అడుగంటిన తరువాత, మిగిలిన అన్నములో పచ్చడి మెతుకులో మజ్జిగో కలుపుకొని ఆమె తినును. ఇంట ఒక్క గ్రుడ్డున్న యెడల అది మగపిల్లవాని కంచములో పడును. ఇది అలవాటైపోయినందున ఎవరికిని అన్యాయమని తోచదు. తల్లికి కూడ తోచదు.

ఆ అలవాటు ఫలము లెక్కలలో కనబడుచున్నది. 2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో నూటికి 57.6 మంది. అనగా మన ఆరాధనలో చాపలమీద కూర్చున్న స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది నెత్తురు చాలక పనిచేయుచున్నారని ఎంచుకొనవచ్చును. ఆయాసము, కళ్లు తిరుగుట, గోళ్లు పాలిపోవుట వీరికి సాధారణము. ప్రసవమువేళ కొంచెము రక్తస్రావమైనను అట్టి తల్లి తట్టుకొనలేదు. ఆమె బిడ్డ తక్కువ తూకముతో పుట్టును. ఈ రాష్ట్రములలో 5 ఏండ్లలోపు పిల్లలలో రక్తహీనత ఇంకను ఎక్కువ: ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63, తెలంగాణలో 70. రక్తహీనత అన్నిసార్లు తిండివలననే రాదు. నులిపురుగులు, ఇతర వ్యాధులును కారణమగును. అయినను తిండి కొదువ పెద్ద కారణము.

ఇందుకు మందు ఉన్నది. గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వము ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము అను సారము కూడ కలిసియుండును. ఆ పేరు ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి వచ్చినది. 1941లో దానిని పాలకూర ఆకులనుండి తీసిరి. తరువాత దానిని ప్రయోగశాలలో తయారుచేసి లోకమునకు అందించిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడే. 1895లో భీమవరములో పుట్టి, అమెరికాలో పనిచేసి, 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇప్పుడు ఆ మాత్ర ఆరోగ్య కార్యకర్త చేతిమీదుగా మన గుమ్మములోనికి వచ్చుచున్నది. గర్భములో 180 దినములు వేసికొనవలెను. మలము నల్లబడినదని, వికారమైనదని భయపడి అటకమీద పెట్టకుడి. భోజనమైన తరువాత వేసికొనుడి. నిమ్మకాయ, ఉసిరికాయ తినిన యెడల ఇనుము చక్కగా ఒంటబట్టును. అన్నముతోగాని మాత్రతోగాని టీ త్రాగిన యెడల ఒంటబట్టదు.

మరియొక మాట. "ఎక్కువ తినిన యెడల బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగును" అని కొందరు అత్తలు కోడలికి అన్నము తగ్గింతురు. ప్రసవమైన తరువాత పథ్యమని చెప్పి, ఉప్పుకారము మెతుకులతో, కొలిచిన నీళ్లతో రోజులు గడుపుదురు. అమ్మలారా, అత్తలారా, మీరు మేలు కోరియే చేయుచున్నారు. అయినను పాలిచ్చు ఆవుకు గడ్డి తగ్గించు రైతు ఎవడైన ఉన్నాడా? బాలింతకు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప, పాలు, దాహమునకు చాలినన్ని నీళ్లు కావలెను.

నడివయసువారు

తేనె దొరికినను తగినంతే తినవలెను, మితిమీరిన యెడల కక్కుకొందువు అని సామెతల గ్రంథము 25వ అధ్యాయము బుద్ధి చెప్పుచున్నది. తేనె చెడ్డదని కాదు. మంచిదానికి కూడ కొలత ఉన్నదని భావము.

మన తండ్రులు నాగలి పట్టి, కావడి మోసి, కాలినడకన సంతకు వెళ్లి మూడుపూటల అన్నము తినిరి. తినినది చెమటయై పోయెను. ఇప్పుడు దుక్కి ట్రాక్టరు చేయుచున్నది. ప్రయాణము మోటారుసైకిలు చేయుచున్నది. అన్నపు కుప్ప మాత్రము తగ్గలేదు. పైగా దినమునకు నాలుగైదుమారులు పంచదార టీ. చక్కెరవ్యాధి పట్టణపు ధనికుల జబ్బని ఒకప్పుడు అనుకొంటిమి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము మన దేశములో 10 కోట్లకంటె ఎక్కువమంది చక్కెరవ్యాధి గలవారున్నారని తెలిపినది. ఇది మన పాలెములకును మాలమాదిగ పేటలకును వచ్చినది. కాలిపుండు మానకుండువరకు చాలమందికి తెలియదు.

బియ్యమును గూర్చి మన సీమకు ఒక పాత పాఠమున్నది. రోకలితో దంచిన ముడిబియ్యము మాని మరలో ఆడించిన తెల్లబియ్యము తినసాగినప్పుడు, ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తా జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి కనబడెను. కాళ్లు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె బలహీనమై మనుష్యులు కూలిపోవుచుండిరి. కారణము తెల్లదనముతోపాటు తవుడులో పోయిన బి విటమినే. ఆ వ్యాధి పరిశోధనకై 1918లో కూనూరులో రాబర్టు మెక్‌కారిసను అను వైద్యుడు ఆరంభించిన చిన్న శాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పనిచేయుచున్నది. ఆ పాఠము మనము మరచితిమి. బియ్యము ఎంత తెల్లగా నున్న అంత గౌరవమనుకొని, గంజి వార్చి పారబోసి, మిగిలిన సారమును కూడ కాలువపాలు చేయుచున్నాము.

జొన్నలు, చోళ్లు, సజ్జలు, కొర్రలు పేదల తిండియని సిగ్గుపడకుడి. యెహెజ్కేలు గ్రంథము 4వ అధ్యాయములో మన తెలుగు బైబిలునందే చోళ్లు, సజ్జలు అను పేర్లు కనబడును. అయిదువేలమందికి పంచిపెట్టుటకు ప్రభువు చేత పట్టుకొనినవి పేదవాని యవల రొట్టెలే. లోకము ఈ ధాన్యములను ఇప్పుడు తెలిసికొనుచున్నది; ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. అన్నము మానవలెనని కాదు. కంచములో అన్నము కొంత తగ్గించి, పప్పు, కూర, ఆకుకూర పెంచవలెను. ఒకపూట జొన్నరొట్టెయో చోడి అంబలియో తినవలెను.

ఉప్పు సంగతియు చెప్పవలసియున్నది. పెద్దవానికి దినమునకు 5 గ్రాములకంటె తక్కువ, అనగా ఒక టీ చెంచాడు కూడ నిండనంత ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడము, పచ్చడి అన్నియు ఒక కంచములో చేరినప్పుడు ఎన్ని చెంచాలగునో మీరే చూడుడి. ఉప్పు మితిమీరిన యెడల రక్తపుపోటు పెరుగును. పోటు పెరిగినవానికి ఒక ఉదయమున నోరు వంకరపోయి, చెయ్యి పడిపోవును. అప్పుడు చేతబడి యని పరుగెత్తుటకంటె ముందే పోటు చూపించుకొనుట జ్ఞానము.

సారాయిని గూర్చి విస్తరించి చెప్పను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమునకు ఎదురు నిలిచిరి. పిల్లల నోటికి పోవలసిన కూలిడబ్బు సారాకుండలో పడుచున్నదని వారెరుగుదురు. 1993లో సారా నిషేధింపబడెను. ఇంటి మగవాడు త్రాగునది ఇంటి పిల్లవాని పాలు అని ఆ స్త్రీలు గ్రహించిరి. సంఘములోని మనము అంతకంటె తక్కువ గ్రహింపరాదు.

వృద్ధులు

బర్జిల్లయి అను పెద్దమనుష్యుడు దావీదు పారిపోయి వచ్చినప్పుడు అతనికిని అతనితో నున్నవారికిని గోధుమలు, యవలు, చిక్కుడుకాయలు, తేనె, వెన్న తెచ్చి ఆదరించెను. దావీదు తిరిగి వెళ్లునప్పుడు, నాతో యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషింతునని పిలిచెను. అప్పటికి అతనికి 80 ఏండ్లు. తినుదాని రుచియు త్రాగుదాని రుచియు నాకు తెలియునా, నీకు భారముగా ఎందుకు రావలెను అని అతడు విన్నవించెను.

మన ముసలివారు ఈ మాటనే వేరు విధముగా చెప్పుచున్నారు. "నాకు ఆకలి లేదురా అబ్బాయి, మీరు తినండి" అందురు. ఆకలి రుచి ఎరుగదందురు గాని, రుచి చచ్చిన నాలుక ఆకలిని కూడ మరచును. పండ్లు ఊడినందున నమలలేరు, దాహము కూడ తగినంత తెలియదు, భారమగుదుమని భయపడుదురు. కావున వారు అడుగరు. అడుగనందున వారికి ఒక కప్పు టీ, రెండు మెతుకులు చాలునని మనమనుకొందుము. ఇది పొరపాటు. అన్నము తగ్గినను పప్పు, పాలు, గ్రుడ్డు వంటి బలమైన ఆహారము వారికి తగ్గరాదు. తగ్గిన యెడల కండ కరగి, కాలు తడబడి, పడి తుంటి ఎముక విరుగును. మెత్తగా ఉడికించిన అన్నము, చిదిపిన పప్పు, మజ్జిగ, సన్నగా తరిగి వండిన కూర కొంచెము చొప్పున పలుమారులు ఇయ్యుడి. ప్రక్కన కూర్చుండి తినిపించుడి. ఒంటరిగా తినువాడు తక్కువ తినును.

తలిదండ్రులకు రావలసినది దేవునికి అర్పితమైనదని, కొర్బానని చెప్పి ఎగగొట్టిన పరిసయ్యులను ప్రభువు గద్దించెను. ఆదివారము కానుక వేసి, సోమవారము తల్లికి పాలు కొనుటకు డబ్బు లేదనువాడు ఆ గద్దింపు తనకు కాదని ఎట్లు చెప్పగలడు?

ఉపవాసమును గూర్చి

శ్రమకాలములోను, శుక్రవారములలోను మన సంఘములు ఉపవాస ప్రార్థనలు చేయుచున్నవి. మంచిదే, మన ప్రభువు కూడ ఉపవాసముండెను. "లంఖణము పరమౌషధము" అను సామెతయు ఉన్నది. అయితే ఈ ఔషధము అందరికి తగదు. చక్కెరవ్యాధికి మాత్ర వేసికొనిగాని సూది వేయించుకొనిగాని అన్నము మానినవానికి రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, వణకి, స్పృహ తప్పును. ప్రాణము పోవుటయు కలదు. ఉపవాసముకొరకు మాత్ర మానుటయు అంతే ప్రమాదము. వైద్యుని అడుగకుండ ఈ రెంటిలో ఏదియు చేయవద్దు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు, బలహీనులైన వృద్ధులు, రోగులు అన్నము మానవద్దు. వారికి విశ్వాసము తక్కువని ఎవరైన అనిన యెడల, ఏలీయాను జ్ఞాపకము చేయుడి. బదరీవృక్షము క్రింద చావు కోరి పడుకొనిన ఆ ప్రవక్తకు దేవదూత మొదట బోధ చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి చూపి, లేచి తినుమనెను, రెండవమారును తినుమనెను. ఆ భోజనపు బలముతో అతడు 40 దినములు నడిచి దేవుని పర్వతమునకు వెళ్లెను.

ఆరోగ్యవంతులైన పురుషులారా, మీరు ఉపవాసముండుడి. ఆ పూట మీరు తినని అన్నమును, కూరను ఎవరి కంచములో వేయుదురు? ఆకలిగొనినవానికి ఆహారము పంచిపెట్టుటయే తాను ఏర్పరచుకొనిన ఉపవాసమని దేవుడు యెషయా 58వ అధ్యాయములో తెలియజేసెను.

ఒకరికొరకు ఒకరు కనిపెట్టుడి

కొరింథు సంఘములో ప్రభువు బల్లయొద్దనే ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు మత్తుడాయెను. ముందు వచ్చినవాడు ముందు తినెను. పనినుండి ఆలస్యముగా వచ్చిన పేదవానికి మిగులలేదు. పౌలు చెప్పిన మందు మిక్కిలి సులభము: ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనియుండుడి. ఈ మాటను గుడిలో మాత్రమే పాటించి ఇంట విడిచిన యెడల మన బల్ల సంస్కారము నిండుగా లేదు.

కావున ఈ నెలలో మూడు పనులు చేయుదము. మొదటిది: వారమునకు ఒకపూటయైనను ఇంటివారందరు కలిసి కూర్చుండి, వండిన తల్లి కంచములో కూర వేయకముందు ఎవరును ముద్ద ఎత్తకూడదు. ఒకపూట అలవాటైన తరువాత రెండుపూటలు చేయుడి. రెండవది: స్త్రీల సమాజమువారు తమ వీధిలోని గర్భిణులను, బాలింతలను కలిసికొని, మాత్రలు వేసికొనుచున్నారో లేదో ప్రేమతో విచారింపవలెను. మూడవది: యెరూషలేము సంఘములో విధవరాండ్రకు దినదిన పరిచర్యలో కొదువ కలిగినప్పుడు అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచిరి. ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని అన్నము వడ్డించు పనికి నియమించిరి గనుక అది చిన్న పని కాదు. మన సంఘములో ఒంటరిగా నున్న వృద్ధులెందరో, ఎవరి పొయ్యి ఏ రోజు వెలుగుటలేదో పెద్దలు వ్రాసికొని, కోతపండుగ కానుకలలో మొదటి భాగము వారికి చేర్చవలెను.

అరణ్యములో ఉదయమున గుడారపు తెర ఎత్తి బయటికి వచ్చినవాడు మొదట లోపలికి తిరిగి తలలు లెక్కించెను. తరువాతనే నేలకు వంగి మన్నా ఏరుకొనెను. ఈ సాయంకాలము కంచములు పరచకముందు మీరును లెక్కించుడి.

ప్రార్థన: తండ్రీ, అనుదినాహారము దయచేయువాడా, మా గుడారములోని ప్రతి తలను నీవు ఎరుగుదువు. అడుగలేని చంటిబిడ్డను, అడుగని తల్లిని, అడుగుటకు సిగ్గుపడు వృద్ధుని మా కన్నులు చూచునట్లు చేయుము. నీవిచ్చినదానిని తగినంతగా తినుటకును, తగినట్లు పంచుటకును మాకు బుద్ధినిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.